లక్నవరమున పడవ విహారము

ములుగు జిల్లా గోవిందరావుపేట చేరువ, కొండల నడుమ కాకతీయుల కాలమున కట్టవేసి నిలిపిన లక్నవరము చెరువునకు సెలవులలో పోయి, వ్రేలాడు వంతెన దాటి, పడవ అద్దెకు తీసికొనదలచిన మిత్రులు స్పీడుబోటు నెక్కక, కాళ్లతో త్రొక్కెడి పెడల్‌బోటునే కోరవలెనని నా మనవి. వేగముగా పోవువారికి ద్వీపములన్నియు నొక్కటే పచ్చని గీతవలె జారిపోవును. మెల్లగా త్రొక్కుచు, నడుమ నడుమ ఆగుచు పోవువారికి తీరవృక్షముల నీడ జలమున చలించుటయు, నీటికాకి యొకచోట మునిగి వేరొకచోట తేలుటయు దృగ్గోచరమగును. ఈ జలాశయము విహారమునకై కాక వరిపొలములకై నిర్మితమైనదన్న స్మరణ నాకెంతయు ప్రీతికరము. దిగువ ఆయకట్టు నేటికిని దీనిపైననే ఆధారపడియున్నది. ఈత వచ్చినవారైనను లైఫ్‌జాకెట్టు బిగించుకొనవలసినదే. వానలు వెలిసి చెరువు నిండుగా నున్న దినములలో, ఎండ వాలిన పిమ్మట పోవుట మేలు.