వెనుకగదికి చేరని తరంగములు

సోదరీమణులారా! దీప మెక్కడ నుంచవలెనో, నీళ్లబిందె యెక్కడ నుంచవలెనో మన యిండ్లలో మనకు తెలిసినట్లు మరియెవ్వరికిని తెలియదు. కాని వైఫై రౌటరు విషయము వచ్చునప్పటికి మనము నోరు మెదపము. తీగ తెచ్చినవాడు వీధిగుమ్మము చెంత నెక్కడ మేకు కొట్టిన నదియే దాని స్థానమని యూరకుందుము. మేమును రెండేండ్లట్లే యూరకుంటిమి.

మాది తెనాలిలో పాతకాలపు పొడుగుటిల్లు. గోడలు 18 అంగుళముల మందము. రౌటరును ముందుగదిలో టెలివిజను వెనుక, ఇనుపబీరువా ప్రక్కను నిలిపిరి. అచ్చట కూర్చుండి వార్తలు చూచు మగవారి కేలోటును లేదు. మా కోడలు మాత్రము వెనుకగదిలో కూర్చుండి యుద్యోగపుపని చేసికొనును. మాటలాడుచుండగనే యామె బొమ్మ నిలిచిపోవును, గొంతు తెగిపోవును. “ఇంట పని సాగనప్పుడు ఉద్యోగము మానుకొనరాదా?” యని యొకనాడు మేమే యంటిమి. ఆమె బదులు పలుకలేదు. ఆ రాత్రి మంచినీళ్లకై లేచి చూతుము గదా, దోమలలో వీధియరుగుపై కూర్చుండి, ఒడిలో కంప్యూటరు పెట్టుకొని పని చేయుచున్నది! మా మాటకు మాకే సిగ్గు కలిగినది.

మరునాడు అత్తాకోడండ్రము కలిసి సంగతి విచారించితిమి. ఈ తరంగములు కంటి కగపడవు గాని వెలుగు జాతికి చెందినవే. 1895 లో కలకత్తాలో జగదీశచంద్ర బోసుగారు ఇట్టి తరంగములచే దూరముననున్న గంటను మ్రోగించి చూపిరి. గోడను దాటుట వానికి సాధ్యమే, కాని దాటినకొలది క్షీణించును. ఇటుకగోడ కొంత మ్రింగును. నీరు మిక్కిలి మ్రింగును. ఇనుపరేకు వెనుకకు త్రిప్పికొట్టును. కావున బీరువా, నిలువుటద్దము, చేపలతొట్టి ప్రక్కల రౌటరు నుంచరాదు. ఇంటి నడుమ, మనిషియెత్తున, మరుగులేని తావున నుంచవలెను. కొమ్ములున్నచో నిలువుగా నిలిపిన తరంగములు చుట్టును ప్రక్కలకు వ్యాపించును.

నేటి రౌటరులు పెక్కింటిలో రెండు వరుసలు గలవు. 5 గిగాహెర్ట్జులది వేగము గలది, కాని గోడలకు త్వరగా నీరసించును. 2.4 గిగాహెర్ట్జులది నిదానము, కాని దూరము పోవును. ఈ రెండవదానిలో ఇరుగుపొరుగుల రౌటరులును పెనగులాడును గనుక, 1, 6, 11 అను ఛానళ్లలో రద్దీ తక్కువగా నున్నదానిని ఎన్నుకొనవలెను. మైక్రోవేవ్ పొయ్యియు ఇంచుమించు ఆ తరంగములతోడనే పనిచేయును. కావున దానికి దూరముగా నుంచుట మంచిది.

రౌటరును నడిమిగదికి మార్తుమనగా, హాలులో తీగ కనబడి యందము చెడునని మావా రనిరి. “అరుగుమీద కోడలు కనబడుటకంటె గోడమీద తీగ కనబడుట మేలు” అంటిమి. వారు మారు పలుకక నిచ్చెన తెచ్చిరి.

ఆనాటినుండి వెనుకగదిలో మాట తెగుట చాలవరకు తగ్గినది. అంతటితో తృప్తిపడక, పిదప నడిమిగదినుండి కేబులు లాగి వెనుకగదిలో రెండవ పెట్టె నిలిపితిమి. లోటు పూర్తిగా తీరినది. తీగ లాగ వీలుకానివారు రిపీటరు కొనవచ్చును. అయితే దానిని తరంగము లందనిచోట గాక, బాగుగా నందుచున్న నడిదారిలో నుంచవలెను. అందుకొనుట, అందించుట యొకే వరుసపై జరిగించు రిపీటరులలో వేగము సగమునకు పడిపోవునని యెరిగి కొనవలెను.

కొనుటకు ముందు మాత్రము సోదరీమణులు ఫోను చేతబట్టి, వీధిగుమ్మమునుండి పెరటివరకు ఒకసారి నడచి చూడవలెను. తరంగము లెచ్చట సన్నగిల్లునో, అచ్చట కూర్చుండువా రెవరో గమనింపుడు. మా యింట నది తెలిసికొనుటకు రెండేండ్లు పట్టినది.