అరకుయాత్రకు మేము చేసికొన్న సన్నాహము

యాత్ర యనగానే మన యిండ్లలో మొదట రాజుకొనునది పొయ్యి. పులిహోర కలిపి, చేగోడీలు వండి, నలుగురి బట్టలు సర్ది తెల్లవారుజామున బండి యెక్కిన గృహిణి కొండలను చూచునా, కునికిపాట్లు పడునా? 2024 డిసెంబరు మొదటి వారమున నేనును, మావారును, మా యమ్మాయియు విశాఖపట్టణమునుండి వ్యానుమీద అరకులోయకు పోయి, అచ్చటి మట్టిదారులయందు సైకిళ్ళపై తిరిగి, రాత్రి వ్యానులోనే పరుండి మరునాడు రాదలచితిమి. అప్పుడు నేను పెట్టుకొన్న నియమ మొక్కటియే. వ్యానుకు కావలి కూర్చుండుటకు గాక, సైకిలు త్రొక్కుటకే నేనును వత్తునని. తక్కిన సన్నాహమంతయు ఆ నియమమునుండి పుట్టినదే.

దీనికొక కారణము గలదు. నేను బడిలో చదివినది స్వల్పము. రఘువంశమును, మనుచరిత్రమును మా తాతగారే యింట చెప్పిరి. ఆయన మధ్యాహ్నము కన్నుమూసినవేళ మా యన్న సైకిలు తీసికొని కాలువగట్టున త్రొక్క నేర్చితిని. పదుమూడవ యేట "ఇక చాలు" ననిరి, చాలించితిని. ఇప్పుడు మా యమ్మాయికి పదుమూడేండ్లు. "బడికి సైకిలుమీద పోవడం ఇక చాలు, ఆటోలో పంపండి" అని మా యత్తగారు ఒకనాడు వెనుకటి ఆ స్వరముననే యనగా, నేను చేతిలోని చేట క్రింద పెట్టితిని. యాత్రామాట ఆ సాయంకాలమే యెత్తితిని.

"కొండల్లో సైకిలేమిటే? రాత్రి బండిలో నిద్రేమిటి? ఆడపిల్ల కాలకృత్యాలకు చోటెక్కడ?" అని యామె యడిగెను. నాకు కోపము వచ్చినమాట నిజమే గాని, రాత్రి పక్కపై తలచుకొనగా ఆ మూడును న్యాయమైన ప్రశ్నలే యనిపించినవి. వానికి సరియైన ప్రత్యుత్తర మియ్యలేని యాత్రకు పోకుండుటయే మేలు.

కొండలపై సైకిలు త్రొక్కు వేడుక మనకు క్రొత్తది. 1970 తరువాతి యేండ్లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో టమల్పాయిస్ అను కొండమీదనుండి కొందరు యువకులు పాతకాలపు బరువు సైకిళ్ళతో దిగుచు దీని నొక క్రీడగా పెంచిరి. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో చేర్చినప్పుడు, ఆ మొదటి యేటనే స్త్రీలకును వేరుగా పందెము పెట్టిరి. ఈ సంగతి అత్తగారికి విన్నవించితిని. "వాళ్ళ అత్తగార్లు ఏమన్నారో!" అనిరి.

మావారికిని అమ్మాయికిని గేర్ల సైకిళ్ళున్నవి. నాకొరకు అద్దెకు తెచ్చినది చూపునకు చక్కనిదే గాని, వారము ముందుగా మా వీధి పల్లమున త్రొక్కిచూడగా బ్రేకులు రెండును నొక్కినను ఆగక పాలదుకాణము మెట్లదాక పోయినది. బ్రేకు రబ్బర్లు అరిగి యినుము కనబడుచుండెను. దుకాణదారుడు "వాడగావాడగా సర్దుకుంటుందమ్మా" అనెను. అట్టిచోట సర్దుకొనవలసినవి మన మోకాళ్ళేగాని బ్రేకులు కావు. నిలువబడి రబ్బర్లు మార్పించితిని. కావున అద్దె సైకిలును పయనమునాడు గాక వారము ముందే తెచ్చుకొనుడు.

పల్లమున దిగునప్పుడు ముందు బ్రేకు నొక్కదానినే గట్టిగా పట్టినచో సైకిలు ముందునకు తిరగబడును. రెంటిని మెల్లగా కలిపి, మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలెను. పెడళ్ళు రెండును సమముగా నుంచి, నడుమును సీటునకు వెనుకగా జరుపవలెను. రాళ్ళదారిలో చక్రములయందు గాలి కొంచెము తక్కువగ నున్న పట్టు కుదురును; మరీ తక్కువైన ట్యూబు రాతికిని రిమ్మునకును నడుమ నలిగి చిల్లిపడును. చుడీదారు కాలి అంచు గొలుసులో చిక్కకుండ రబ్బరుబందు వేసికొంటిమి. ముడి పెట్టుకొన్న తలకు హెల్మెట్టు కూర్చుండదు. జడ మెడక్రిందుగా వేసికొనవలెను. దీనిని నాకు చెప్పినది మా యమ్మాయియే.

రాత్రి బస మాట. అరణ్యభూమిలో అనుమతి లేక బండి నిలిపి పరుండుట తగనిపని; నిర్జనమైన దారిప్రక్క నిలుపుట అంతకన్న తగనిది. మేము అరకులో నొక బసగృహమువారితో ముందే ఫోనులో మాటాడి, వారి యావరణమున వ్యాను నిలుపుకొనుటకును, మరుగుదొడ్డియు స్నానపుగదియు వాడుకొనుటకును రుసుము నిశ్చయించుకొంటిమి. అత్తగారి మూడవ ప్రశ్నకిది ప్రత్యుత్తరము. తిథివారములకు ముందు మేమిద్దరము నెల లెక్కయు చూచుకొంటిమి; అయినను కావలసినవి యొక సంచిలో నుంచితిమి.

మా మరిది వ్యానులో వెనుక సీట్లు తీయించి, చెక్కపలకలు పరచి, పరుపు వేసితిమి. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. శీతకాలపు రాత్రులందు చలి మెండు. అప్పటికి మనసు కొంత మెత్తబడిన అత్తగారు, "కుంపటి పట్టుకెళ్ళండి, పిల్ల వణికిపోతుంది" అనిరి. ఈ యొక్కమాట మాత్రము నేను వినలేదు. మూసిన బండిలో బొగ్గులు గాని గ్యాసుపొయ్యి గాని వెలిగించిన, రంగును వాసనయు లేని కార్బన్ మోనాక్సైడను విషవాయువు పుట్టి, నెత్తురులో ప్రాణవాయువు చేరవలసినచోట తాను చేరును. పరుండినవారికి తెలివి రాకయే ప్రాణము పోవును. చలికి దుప్పట్లు, ఉన్నిమేజోళ్ళు, వేడినీరు పోసి గుడ్డ చుట్టిన సీసాలు చాలును. కిటికీలు రెండువ్రేళ్ళమేర తెరచి, దోమలు రాకుండ వలగుడ్డ కట్టవలెను.

వంట మాట రెండుముక్కలలో ముగింతును. సున్నియుండలు, అటుకులు, వేరుసెనగలు, అరటిపండ్లు, పది లీటర్ల నీరు. రాత్రిభోజనము పూటకూటియింట. పొయ్యి వెంట రాలేదు.

శనివారము తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరి, శృంగవరపుకోటలో ఇడ్డెనులు తిని ఘాటు ఎక్కితిమి. అనంతగిరి చుట్టుపట్ల సిల్వరుఓకు చెట్ల నీడను కాఫీతోటలు, ఆ చెట్లకు ప్రాకిన మిరియపుతీగలు. కాఫీపండ్లు ఎఱ్ఱబారి యుండెను. ఈ ప్రాంతపు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

అరకులో వ్యాను నిలిపి, డుంబ్రిగుడ దిక్కున చాపరాయి చూడవలెనని పల్లెదారులబడి సైకిళ్ళపై సాగితిమి. ఆ దారులు మన వినోదమునకై వేసినవి కావు. బగతలు, కొండదొరలు, కోటియాలు మొదలైన గిరిజనులు పొలములకును సంతలకును నడచు దారులు. తలపై కట్టెలమోపుతో ఎదురైన స్త్రీలకు మేము దిగి త్రోవ యిచ్చితిమి. వలిసెచేలు పసుపుపూతతో ఇంకను కొన్నిచోట్ల మెఱయుచుండెను. చేలలో దిగి తొక్కుచు ఫోటోలు తీసికొనువారిని చూచితిని. ఆ గింజలు నూనెకని, అదియొక రైతు పంటయని వారికి తోచలేదు కాబోలు.

మనుచరిత్రమున ప్రవరుడు పాదలేపముతో హిమాలయమునకు ఎగిరిపోయెనేగాని, మంచుకు లేపము కరగిన మరలుట యెట్లని యోచింపలేదు. మేము మాత్రము మూడున్నరకు ఎక్కడనున్నను వెనుదిరుగవలెనని కట్టడి చేసికొంటిమి. డిసెంబరులో అయిదున్నరకే సూర్యుడస్తమించును. మావారి చక్రము పంక్చరై నలుబది నిమిషములు పోయినవి. మూడున్నర యగుసరికి చాపరాయి ఇంకను నాలుగు కిలోమీటర్లుండెను. "ఒక్క అరగంట అమ్మా!" అని అమ్మాయి కన్నీరు పెట్టుకొన్నది. మావారు నావంక చూచిరి. ఆయనకును పోవలెననియే యున్నది. నాకు మాత్రము లేదా? వెనుదిరిగితిమి. తిరుగుదారిలో అరగంటసేపు అది నాతో మాటాడలేదు. వ్యాను చేరి సైకిళ్ళకు గొలుసు తాళము వేయుసరికి టార్చి వెలిగింపవలసివచ్చెను.

రాత్రి తొమ్మిదింటికి అత్తగారు ఫోను చేసి, కిటికీలు తెరచితిరా యని యడిగిరి. తెల్లవారి అద్దములనిండ మంచు. లోయ కనబడలేదు, కోడికూతలు మాత్రము మంచులోనుండి వినబడెను. ఎండ వచ్చిన పిమ్మట వ్యానులో చాపరాయికి పోయి, వెడల్పైన బండపై జారు నీటిలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటిమి. ఘాటు దిగునప్పుడు బ్రేకులు వేడెక్కకుండ మావారు రెండవ గేరులోనే వ్యాను నడపిరి.

ఇల్లు చేరగానే అత్తగారు మనుమరాలి మోకాళ్ళు రెండును తడివి చూచి, ఏమియు ననక లోపలికి పోయిరి. సోమవారము ప్రొద్దున అమ్మాయి వీధిలోనికి సైకిలు దింపగా, ఆమె గుమ్మములోనుండి, "జడ కిందికి వేసుకో, ఆ టోపీ పట్టదు" అనిరి.