ఆర్నెల్లు ఇంట్లో… ఆర్నెల్లు ఇసకలో!

"టైటానిక్" ఎక్కడ మునిగింది?

"అట్లాంటిక్‌లో!" అని ఠక్కున చెప్పేస్తారు. అది 1912 నాటి అసలు ఓడ సంగతండీ! టిక్కెట్టు కొనుక్కుని మరీ మనం కళ్ళు తుడుచుకుంటూ చూసిన ఓడ, 1997లో జేమ్స్ కామెరాన్ ముంచిన ఓడ, మునిగింది పసిఫిక్ ఒడ్డున! మెక్సికోలో రొసారితో అనే వూరి దగ్గర 1996లో ఆ సినిమా కోసమే ఓ స్టూడియో కట్టారు. ఇంచుమించు అసలు ఓడంత సెట్టింగూ, దాన్ని ముంచడానికి చెరువంత నీళ్ళతొట్టీ అక్కడే వేశారు.

మొన్న జనవరిలో ఆ స్టూడియో ముందునించి వెళ్తూ "బావా, కారాపు!" అన్నాను. శాన్‌డియాగోలో వుద్యోగం చేసుకుంటున్న మా బావ ఆపితేనా! "దీనికే ఆగిపోతే ఎట్లారా? ఇంకా వెయ్యి కిలోమీటర్లు పోవాలి. అక్కడ నీకు ఇంతకంటే పెద్ద సినిమా చూపిస్తా" అన్నాడు.

ఆ సినిమా కథే ఇది.

తోకలాంటి నేల

పటంలో చూడండి. అమెరికా వాళ్ళ కాలిఫోర్నియాకి కింద ఓ సన్నటి తోక వేలాడుతూ వుంటుంది. అది మెక్సికో వాళ్ళ బాహా కాలిఫోర్నియా. ఓ పక్క పసిఫిక్, రెండో పక్క కాలిఫోర్నియా సింధుశాఖ, మధ్యలో ఎడారి. పైనున్న తిహువానా నించి చిట్టచివరి కాబో శాన్ లూకాస్ దాకా 1,700 కిలోమీటర్ల పైచిలుకు తారురోడ్డు. అది పూర్తయింది 1973లో. అంతకు ముందు ఆ దారిన పోవాలంటే రాళ్ళూ గుంతలే గతి.

రోడ్డంటే మన హైవే అనుకునేరు! చాలాచోట్ల ఎదురుగా లారీ వస్తే మన గుండె ఆగుతుంది. అంచున మట్టి జాగా కూడా వుండదు, చక్రం దిగితే లోయలోకే. ఓ చోట ఇంచుమించు మూడొందల కిలోమీటర్లు పెట్రోలు బంకు లేదు. డబ్బాల్లో పోసి అమ్మేవాళ్ళే దిక్కు. తాడిచెట్టంత బ్రహ్మజెముళ్ళు, తలకిందులుగా పాతిన ముల్లంగిదుంపల్లాంటి వింత చెట్లు… మనిషి మాత్రం కనపడడు.

28వ అక్షాంశం దగ్గర రాష్ట్రం మారింది. గడియారం ఓ గంట ముందుకి తిప్పుకున్నాం. రాత్రికి గెరెరో నెగ్రోలో దిగాం. సముద్రపు నీటిని ఎండగట్టి ఉప్పు తీసే మడుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దవి ఈ వూళ్ళోనే వున్నాయి. ఆ పక్క కయ్యలోకి ప్రతి చలికాలం అతిథులు వస్తారు. అల్లాటప్పా అతిథులు కారు, తిమింగిలాలు! ఉత్తర ధ్రువం దాపు సముద్రాలనించి వేల కిలోమీటర్లు ఈదుకుంటూ వచ్చి, ఈ వెచ్చటి నీళ్ళలో పిల్లల్ని కని, వేసవి రాకముందే తిరుగుముఖం పడతాయి. 19వ శతాబ్దంలో వేటగాళ్ళు వీటిని ఇక్కడే తెగ నరికారు. దక్షిణంగా వున్న శాన్ ఇగ్నాసియో కయ్యలో 1972లో ఓ జాలరి పడవ పక్కకి ఓ తిమింగిలం వచ్చి నిలబడిందట. అతను భయపడుతూనే చెయ్యి చాపి ముట్టుకున్నాడు. అప్పట్నించీ అక్కడ మనిషికీ తిమింగిలానికీ స్నేహం!

"నేను చూపిస్తానన్న మనుషులూ ఇలాంటివాళ్ళేరా" అన్నాడు బావ.

శంఖం వూదే జైలు

మర్నాడు ములెహే అనే చిన్న వూరు చేరాం. ఏటి పక్క ఖర్జూరచెట్లు, కొండమీద తెల్లటి పాత జైలు. ఆ జైలు కథ వింటే మన సినిమా రచయితలు ఎగిరి గంతేస్తారు. పగలు ఖైదీల్ని వూళ్ళోకి వదిలేసేవారట, పనులు చేసుకోమని! సాయంత్రం శంఖం వూదగానే అందరూ వాళ్ళంతట వాళ్ళే తిరిగి రావాలి. వచ్చేవారు కూడానట! ఇప్పుడది మ్యూజియం.

అక్కణ్ణించి 20 కిలోమీటర్ల పైచిలుకు వెళ్ళి ఓ మలుపు తిరిగేసరికి, నేను మాట్లాడ్డం మానేశాను.

కింద కన్సెప్షన్ అఖాతం. మూడు పక్కలా ఎర్రటి కొండలు. మధ్యలో కెరటమన్నది లేని నీళ్ళు, ఒడ్డున పచ్చగా, లోపలికి పోనుపోను నీలంగా. సాంతిస్పాక్, ఎల్ కొయోతే, ఎల్ రెకెసోన్… ఒకదాని తర్వాత ఒకటిగా చిన్నచిన్న ఇసక ఒడ్డులు. ఆ ఇసకలో వరసగా తాటాకు పాకలు. వీటిని పలాపాలంటారు. పాక పక్కనే ఇంటిబండి. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ చక్రాల మీదే.

కరెంటు లేదు. కుళాయి లేదు. దూరంగా గుంటమరుగుదొడ్లు. రాత్రికి ఇన్ని పెసోలని వసూలు చేసుకుపోయే మనిషి ఒకడు. నీళ్ళు, కూరలు, రొయ్యలు బళ్ళమీద తెచ్చి అమ్మేవాళ్ళు ఇంకొందరు. ఈ ఇసకలో నవంబరు నించి మార్చి దాకా కాపురాలు చేసేది ఎవరనుకున్నారు? కుర్రకారు కాదు. అరవై దాటిన, డెబ్భై దాటిన అమెరికా, కెనడా తాతయ్యలూ మామ్మలూ!

వాళ్ళ వూళ్ళలో మోకాలిలోతు మంచు. పార పట్టి గుమ్మం ముందు మంచు తోడుకుంటే తప్ప బయటికి రాలేరు. ఇక్కడ పగలు చొక్కా వుంటే చాలు. అప్పుడప్పుడూ వీచే ఉత్తరపుగాలి ఒక్కటే చిరాకు పెడుతుంది.

ఎవరి నేలా కాదు!

"ఇంత బావుంటే జాగా కొనుక్కుని ఇల్లు కట్టుకోరేం?" అనడిగాను. బావ నవ్వాడు. మెక్సికోలో సముద్రపొడ్డు ప్రభుత్వానిది, అంటే జనం అందరిదీ. తీరానికి 50 కిలోమీటర్ల లోపు నేల విదేశీయులు నేరుగా తమ పేర పెట్టుకోవడానికి వీల్లేదు. బ్యాంకు ద్వారా ట్రస్టు రాయించుకోవాలి. యాత్రికుడిగా వస్తే గరిష్ఠంగా 180 రోజులు. ఆపైన లేచిపోవాల్సిందే.

మన సినిమాల్లో రిటైరయిన మనిషి గుర్తున్నాడా? 1972లో "బడిపంతులు" వచ్చింది. ఎన్టీఆర్, అంజలీదేవి ముసలితనంలో చెరో కొడుకింటికీ వెళ్ళాల్సొస్తే హాలంతా ఏడ్చింది. 2012లో భరణిగారి "మిథునం" వచ్చింది. బాలుగారూ లక్ష్మిగారూ పిల్లల దగ్గరికి పోకుండా సొంత పెరట్లో రాజ్యమేలారు. ఇక్కడ సొంత పెరడూ లేదు, కొడుకిల్లూ లేదు.

అందరూ సరదాకే వచ్చారనుకోవద్దు. ఇంటద్దె కట్టలేక బండే ఇల్లు చేసుకున్నవాళ్ళు అమెరికాలో ఎందరో. "నోమాడ్‌లాండ్" చూశారుగా? 2021లో ఉత్తమచిత్రంగా ఆస్కార్ కొట్టేసింది. అందులో చాలామంది నిజంగా బళ్ళలో బతికేవాళ్ళే. ఈ ఒడ్డున కూడా రెండు రకాలవాళ్ళూ పక్కపక్కనే కూచుని చేపలు కాల్చుకుంటారు. ఎవరి పింఛనెంతో ఎవరూ అడగరు.

సినిమావాళ్ళలో ఇట్లాంటివాడు లేడా అంటే, జాన్ హ్యూస్టన్ వున్నాడు. సింధుశాఖకి అవతల, మెక్సికో ప్రధాన భూభాగం మీద "ది నైట్ ఆఫ్ ది ఇగువానా" (1964) తీశాడు. డెబ్భయ్యో పడికి దగ్గరయ్యాక ఆ పరిసరాల్లోనే, పడవలో తప్ప పోలేని లాస్ కలేతాస్ ఒడ్డున ఇల్లేసుకున్నాడు. స్థానికుల దగ్గర కౌలుకి తీసుకున్న నేలలో! అలాగని సినిమాలు మానలేదు. "ప్రిజ్జీస్ ఆనర్" 1985లో వచ్చింది.

కర్టెన్ తియ్యాలి!

మాకు ఆతిథ్యమిచ్చింది ఒరెగాన్ దంపతులు. ఆయన వడ్రంగిపని చేసి రిటైరయ్యాడు, 79 ఏళ్ళు. ఆవిడ బడిలో పాఠాలు చెప్పేది, 74 ఏళ్ళు. ఇది వాళ్ళకి పదిహేడో చలికాలం.

"ఇక్కడో నియమం వుంది" అంది ఆవిడ కాఫీ ఇస్తూ. "పొద్దున్న ఎనిమిదింటికల్లా బండి కిటికీ కర్టెన్ తీసెయ్యాలి. తియ్యకపోతే పక్కపాక వాళ్ళొచ్చి తలుపు కొడతారు."

"ఎప్పుడైనా కొట్టాల్సొచ్చిందా?"

ఆవిడ మూడోపాక వైపు చూపించింది. దాని ముందు ఇసకలో గవ్వలతో ఓ పేరు పేర్చి వుంది. "రెండేళ్ళయింది. గాలికి చెదిరితే మళ్ళీ పేరుస్తుంటాం" అంది.

అమెరికాలో ముసలివాళ్ళకి ప్రభుత్వమిచ్చే మెడికేర్ సాధారణంగా సరిహద్దు దాటితే చెల్లదు. పెద్దాసుపత్రి కావాలంటే గంటల ప్రయాణం. ఈ సంగతులన్నీ వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. తెలిసే వస్తున్నారు.

ఇంతలో అసలు కథ బయటపడింది. పెద్దాయనకి చూపు తగ్గింది. ఇక బండి నడపొద్దన్నారు డాక్టర్లు. ఆవిడ చిన్నకారు తప్ప ఎప్పుడూ నడపలేదు. ఈసారి కొడుకే నడుపుకుంటూ తెచ్చి దింపి, లొరేతోలో విమానం ఎక్కి వెళ్ళిపోయాడు. "ఇదే ఆఖరమ్మా. మార్చిలో వచ్చి తీసుకెళ్తా. బండి అమ్మేద్దాం" అని చెప్పి మరీ వెళ్ళాడట.

సాయంత్రం పాకల వెనక గట్టినేల మీద ఇంజను చప్పుడు! వెళ్ళి చూద్దుం కదా, ఆవిడ ఆ పెద్దబండి నడుపుతోంది. పక్కన పెద్దాయన సరిగ్గా కనపడకపోయినా "ఎడమకి! ఎడమకి!" అని కేకలు. ఇసకలో పాతిన నాలుగు చీపుళ్ళ మధ్యనించి వెనక్కి రావాలి. మూడు పడిపోయాయి. ఒడ్డున కుర్చీలేసుకున్న ముసలాళ్ళంతా ఒకటే చప్పట్లు. ఆవిడ దిగి, చీపుళ్ళు మళ్ళీ పాతుకుని, మళ్ళీ ఎక్కింది.

"మీ అబ్బాయికి తెలుసా?"

"మార్చిలో తెలుస్తుంది" అని నవ్వింది. తర్వాత నన్నడిగింది, "మీ నాన్నగారున్నారా?"

"రిటైరయ్యారండీ. హైదరాబాదులో మాతోనే వుంటారు."

"సంతోషం. ఏం చేస్తుంటారు?"

జవాబు చెబుదామని నోరు తెరిచాను. ఏమీ దొరకలేదు. పొద్దున్న పేపరు. తర్వాత టీవీ. ఆ తర్వాత? ఒకే కప్పు కింద వుంటున్న మనిషి గురించి నాకంతకు మించి తెలీదు!

చివరి రీలు

ఏప్రిల్ మొదటివారంలో బావ ఓ ఫోటో పంపించాడు. డ్రైవరు సీట్లో ఆవిడ, పక్కన నల్లకళ్ళద్దాలతో పెద్దాయన. వెనక కనబడేది ఏమిటనుకున్నారు? రొసారితోలో టైటానిక్ మునిగిన స్టూడియో! వెయ్యి కిలోమీటర్లు, ఆరు రోజులు. అద్దం ఒకటి విరిగిందిట. "కొడుకు ఇంకా మాట్లాడ్డంలేదు, బండి మాత్రం అమ్మడంలేదు" అని రాసిందిట.

ఆ ఫోటో తీసుకెళ్ళి నాన్నకిచ్చాను. కథంతా చెప్పాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఈవిడకెన్నేళ్ళన్నావ్?"

"డెబ్భై నాలుగు."

"కరెంటు లేదన్నావు. మరి లైట్లెట్లా?"

"బండి పైన సోలార్ పలకలుంటాయి నాన్నా. బ్యాటరీలో నిలవవుతుంది."

ముప్ఫై నాలుగేళ్ళు కరెంటాఫీసులో పనిచేసిన మనిషి తలెత్తారు. "ఎన్ని ఆంపియర్ల బ్యాటరీ? ఫ్రిజ్ రాత్రంతా నడుస్తుందా?"

"తెలీదు నాన్నా."

"అంతదూరం పోయి అదే కనుక్కోలేదా!" అని కాగితం, పెన్ను తెమ్మన్నారు. లెక్కలు వేస్తూ కూచున్నారు. తొమ్మిదయింది, పదయింది. టీవీ పెట్టలేదు.

ఆవిడకి ఉత్తరం రాయాలి. బ్యాటరీ సంగతి కనుక్కోవాలి. మా నాన్న రోజూ అడుగుతున్నారు.