రేకుల గేదె

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసింది. మర్నాడు వెళ్లి చూస్తే గాజువాకలో నాన్న వెల్డింగ్ షెడ్డుకి కప్పు లేదు. రేకులు ఒకటి కాలవలో, రెండు పక్కవాళ్ల ప్రహరీ మీద... మెలికలు తిరిగి దొరికాయి. పాత ఇనుము కొనేవాడు తూకం వేయబోతుంటే ఆపాను.

"వీటితో గేదె బొమ్మ చేస్తా నాన్నా!"

నాన్న జాలిగా చూశారు. ఇంజినీరింగ్ చదివించిన కొడుకు మరి!

రేకే కదా అనుకున్నాను. దానికి బోలెడు పంతం! మడతల వెంబడి చుడితే చాపలా చుట్టుకుంటుంది. మడతలకు అడ్డంగా వంచితే ససేమిరా వంగదు. ఈ మడతల రేకుకి 1829లో లండన్‌లో హెన్రీ పామర్ పేటెంటు తీసుకున్నాడు. పల్చటి రేకు కూడా మడతలు పడితే కప్పు బరువు మోసేస్తుంది మరి. నాకేమో గేదె డొక్కలో ఎముకల్లా ఆ గీతలు పైనుంచి కిందికి రావాలి. సుత్తితో కొట్టాను, కాలితో తొక్కాను. లాభంలేదు. చివరికి చూస్తే ప్రహరీకి కొట్టుకున్న రేకు అచ్చం అలాగే వంగి ఉంది. నాకు లొంగనిది తుపానుకి లొంగిందన్నమాట!

మొదటిరోజు పైనున్న జింకు పూత గీకకుండానే వెల్డింగ్ చేశాను. రాత్రికి చలీ జ్వరం. నాన్న చూడగానే పట్టేశారు. "జింకు పొగ పీల్చావా? అతుకు పెట్టేచోట ముందు గ్రైండింగ్ పట్టాల్రా. ఆరుబయట పెట్టుకో. పొగ మొహంలోకి రానీయకు."

అప్పటికి ఆయనకు చూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి. వెల్డింగ్ మానేసి రెండేళ్లయింది. మర్నాటినుంచి స్టూలు వేసుకు కూర్చుని "అక్కడే ఉంచకు, చిల్లు పడిపోద్ది" అంటూ ఒకటే గదమాయింపు.

కాళ్లకి ఇనప గొట్టాలు, కళ్లకి బేరింగులు, తోకకి బైకు చైను కుదిరాయి. కొమ్ములే కుదర్లేదు. పికాసో 1942లో సైకిలు సీటు, హ్యాండిలుతో చేసిన ఎద్దు తల ఫొటో చూపించాను. నాన్న చాలాసేపు చూసి, పెరట్లోకి వెళ్లారు. నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్లిన సైకిలు అది. ఆ హ్యాండిలు ఊడదీసి తెచ్చారు. అతుకు దగ్గర మెరుపంతా ఆకురాయితో గీకి, "హోల్డరు ఇలా ఇయ్యి" అన్నారు.

కొమ్ములు కాస్త వంకరగా అతికాయి. మిగతా అతుకులన్నీ నున్నగా చేశాను గానీ, దాన్ని ముట్టుకోలేదు.

అమ్మ మాత్రం ఆ కొమ్ముల మీదే తడి తువ్వాళ్లు ఆరేస్తోంది. తుప్పు పడుతుందంటే వినదు.