ఏడో మనిషి

6-2-2023, సోమవారం

పెద్దమ్మను డయాలసిస్ సెంటరుకు తీసుకెళ్లాను. కవిటి నుంచి తెల్లారకముందే ఆటోలో బయలుదేరాం. క్రియాటినిన్ 9.4 అని ఉన్న కాగితం చూసి టెక్నీషియన్ లాంగ్‌బుక్కు తీశాడు. వెయిటింగులో నాలుగో పేరు పెద్దమ్మది. "ఖాళీ రాగానే ఫోన్ చేస్తాం సార్" అన్నాడు. మంచి కుర్రాడు. అతణ్ని ఏమనగలం?

లెక్క కూడా అతనే చెప్పాడు. మనిషికి నాలుగేసి గంటలు, వారానికి మూడుసార్లు. ఒక్కో మెషిన్ రోజుకు మూడు షిఫ్టులు, వారానికి ఆరు రోజులు నడుస్తుంది. మొత్తం 18 వంతులు, అంటే ఆరుగురు. ఏడో మనిషి ఆగాల్సిందే. ఈ దశకొచ్చాక జబ్బు నయమై మంచం దిగిపోయేవాళ్లుండరు. కిడ్నీ మార్పిడి మా జీడితోటల కూలోళ్లకు అందే పని కాదు. ఇక ఖాళీ ఎలా వస్తుందో అక్కడ బల్లమీద కూర్చున్న అందరికీ తెలుసు. పెద్దమ్మకూ తెలుసు. దారి పొడుగునా నోరు విప్పలేదు.

10-2-2023, శుక్రవారం

ఖాళీ వచ్చేదాకా ఒళ్లు ఆగదు కదా. శ్రీకాకుళంలో ప్రైవేటు ఆసుపత్రిలో మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. ఆరోగ్యశ్రీ ఉండబట్టి అక్కడ పైసా కట్టలేదు. దారి ఖర్చే నడుం విరుస్తోంది. వంద కిలోమీటర్లు దాటి వెళ్లాలి, మళ్లీ అంత దూరం రావాలి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ప్రభుత్వం నెలకు 10,000 పింఛను ఇస్తోంది. మంజూరైనా అది కారు కిరాయికే చాలదు.

నీళ్లు కొలిచి తాగమన్నారు. పెద్దమ్మ చిన్న స్టీలు గ్లాసులో సగం తాగి, మిగతా సగం మీద మూతపెట్టి మంచం కింద దాచుకుంది.

21-2-2023, మంగళవారం

చేతికి ఫిస్టులా ఆపరేషన్ కోసం విశాఖ వచ్చాం. ఆరింటికే ఓపీ కౌంటరు ముందు చెప్పులు, సంచులు వరసలో పెట్టి జనం గోడవార కూర్చున్నారు. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. మార్చి 14న రమ్మన్నారు. ఆపరేషన్ అయ్యాక చేతి నరం డయాలసిస్ సూదికి పనికి రావడానికి ఇంకో ఆరు వారాలట. అందాకా మెడలో గొట్టమే. చీము పడితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరుగారు రెండుసార్లు హెచ్చరించారు.

2-5-2023, మంగళవారం

పెద్దమ్మ చెయ్యి పట్టుకుని చూశాను. మార్చిలో కోసిన చోట వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు ఉంది. నరం బాగా పట్టిందన్నమాట.

మధ్యాహ్నం సెంటరు నుంచి ఫోన్ వచ్చింది. ఖాళీ అయిందట.

"ఎవులిది బాబూ?" అంది పెద్దమ్మ.

దాచలేకపోయాను. మొదటిరోజు జరిగి తనకు బల్లమీద చోటిచ్చిన కంచిలి ముసలాయనది. పెద్దమ్మ చాలాసేపు గుమ్మంలోనే కూర్చుంది. తర్వాత లేచి సంచిలో దుప్పటి పెట్టుకుంది.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కడుతున్నారు. అది త్వరగా తెరుచుకోవాలి. ఈ జబ్బుకు వారానికి మూడుసార్లు ప్రయాణం తప్పదు కనుక మండలాల్లోనూ మెషిన్లు పెరగాలి. మా ఊరికి ఏ నాయకుడు వచ్చినా ముందు ఈ రెండు అంకెలే అడుగుతాను: మెషిన్లు ఎన్ని, మనుషులు ఎందరు? మీ ఊళ్లోనూ అడగండి.

గురువారం రెండో షిఫ్టుకు రమ్మన్నారు. లాంగ్‌బుక్కులో పెద్దమ్మ వెనక ఇంకా తొమ్మిది పేర్లున్నాయి.