అడగదు... పెట్టాల్సిందే!

చూస్తే మొక్కలా ఉంటుంది. తాకితే చెట్టుకొమ్మలా తగులుతుంది. నిజానికి అదో జంతువు. అదీ రాత్రీ పగలూ తింటూనే ఉండాల్సిన జంతువు! ఎండతో పనిలేని గోర్గోనియన్ పగడాన్ని ఇంటి అక్వేరియంలో బతికించడమంటే... నోరు తెరిచి అడగలేని ప్రాణికి వేళ తప్పకుండా వడ్డించడమే.

అక్వేరియం అనగానే మనకు గుర్తొచ్చేది గోల్డ్‌ఫిష్, చిటికెడు మేత, బుడగలొదిలే గొట్టం. అమెరికా, జర్మనీ, జపాన్ లాంటి దేశాల్లో ఈ సరదా చాలా దూరం వెళ్లింది. ఉప్పునీళ్ల తొట్టెలో ఏకంగా పగడపు దిబ్బనే పెంచేవాళ్లు అక్కడ ఎందరో. అలా చేయి తిరిగినవాళ్లు కూడా తెచ్చుకోవడానికి జంకేది ఒకటుంది. అదే ఎండ అక్కర్లేని గోర్గోనియన్.

గోర్గోనియన్లు సముద్రంలో విసనకర్రల్లా, కొరడాల్లా, ఆకురాలిన చెట్లలా పెరుగుతాయి. సముద్రపు విసనకర్రలన్న పేరు అందుకే వచ్చింది. కొమ్మ నిండా చిన్నచిన్న పాలిప్‌లుంటాయి. ఒక్కోదానికి ఎనిమిదేసి చేతులు, ఆ చేతుల అంచుల్లో ఈకల్లాంటి నూగు. చాలా రకాలకు లోపల గోర్గోనిన్ అనే ప్రొటీన్‌తో తయారైన కాడ ఉంటుంది. అది నీటి ఉరవడికి వంగుతుందే కానీ ఓ పట్టాన విరగదు. కుజుడి కోసమని మనవాళ్లు ఉంగరంలో పెట్టించుకునే ఎర్ర పగడం ఉందే... మధ్యధరా సముద్రంలో పెరిగే ఆ జీవి కూడా వీటికి దగ్గరి చుట్టమే. దానికీ ఎనిమిది చేతులే. దానికీ ఎండతో పనిలేదు.

వంటవాళ్లు లేని ఇల్లు

దిబ్బలు కట్టే పగడాల్లో చాలావాటికి ఒంట్లోనే వంటవాళ్లుంటారు. వాటి కణాల్లో కాపురం చేసే సూక్ష్మమైన నాచే ఆ వంటవాళ్లు. వెలుతురు తగిలితే చాలు, నాచు ఆహారం తయారుచేసి అందులో వాటా పగడానికిస్తుంది. అద్దెకున్నవాళ్లే ఇంటివాళ్లకు అన్నం పెట్టినట్టన్నమాట! అందుకే అక్వేరియంలో మంచి దీపాలు పెడితే వాటి పొట్ట సగం నిండినట్టే.

గోర్గోనియన్లలోనూ ఇలాంటి అదృష్టవంతులున్నాయి. కానీ ఎరుపు, పసుపు, నారింజ, నీలం రంగుల్లో మెరుస్తూ దుకాణంలో మనసు దోచేవాటిలో చాలావరకు ఆ నాచు లేనివే. డయోడోగోర్జియా, స్విఫ్టియా, మెనెల్లా, అకాంథోగోర్జియా... అన్నీ ఈ కోవలోవే. రాతిచరియల కింద, గుహల్లో, వెలుతురు సరిగా చేరని లోతుల్లో ప్రవాహానికి అడ్డంగా చేతులు చాపుకుని నిలబడతాయి. నీళ్లు మోసుకొచ్చే సూక్ష్మజీవుల్ని ఒడిసిపట్టుకుని తింటాయి. ఆ పని అక్కడ సముద్రం చేస్తుంది. గాజుతొట్టెలో మనిషి చేయాలి.

రేపటి మేత ఈరోజే

గుప్పెడు రొయ్యపొడి చల్లేస్తే సరిపోదు. పాలిప్ నోరు చాలా చిన్నది. మిల్లీమీటరులో పదో వంతు నుంచి సగం దాకా ఉండే తిండి అయితేనే దానికి పడుతుంది. రోటిఫర్లు, అప్పుడే గుడ్డులోంచి బయటికొచ్చిన ఆర్టీమియా పిల్లలు అలాంటివి. మన కోస్తాలో రొయ్యల హేచరీలు చూసినవాళ్లకు ఆర్టీమియా కొత్తేమీ కాదు. రొయ్యపిల్లలకు పెట్టేదీ అదే. దుమ్ములా ఉండే దాని గుడ్లు డబ్బాల్లో వస్తాయి. అమెరికాలోని ఉటా రాష్ట్రంలో ఉన్న గ్రేట్ సాల్ట్ లేక్ వాటికి పెట్టింది పేరు. గుడ్లను ఉప్పునీళ్లలో వేసి గాలి బుడగలు వదిలితే సుమారు 24 గంటల్లో పిల్లలవుతాయి. అందుకే గోర్గోనియన్ ఉన్న ఇంట్లో ఒక సీసాలో ఈరోజు మేత ఉంటే పక్క సీసాలో రేపటిది తయారవుతుంటుంది... మనం ఇడ్లీపిండి ముందురోజే రుబ్బి పెట్టుకున్నట్టు.

వడ్డనకీ ఓ పద్ధతుంది. ముందు వడపోతకు వెళ్లే పంపు ఆపేస్తారు. తొట్టెలో నీళ్లు తిప్పే పంపు మాత్రం తిరుగుతూనే ఉండాలి. మేత కలిపిన నీళ్లు నాలుగు చుక్కలు వదులుతారు. ఆ వాసన తగిలిన పది, పదిహేను నిమిషాలకు పాలిప్‌లు ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. అప్పటిదాకా ఎండుపుల్లలా ఉన్న కొమ్మ పూత పూసినట్టవుతుంది. అప్పుడు అసలు మేతను మెల్లగా ప్రవాహంలోకి వదలాలి. రోజుకోసారి కడుపునిండా పెడదామంటే కుదరదు. కొంచెం కొంచెంగా చాలాసార్లు పెట్టాలి. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు చిన్న ఫ్రిజ్‌లో మేత ఉంచి, టైమర్‌తో నడిచే డోసింగ్ పంపు బిగిస్తారు. గంటకో, రెండు గంటలకో అదే ఇన్ని చుక్కలని వదులుతుంది. ఊరెళ్లాలంటే మాత్రం చంటిబిడ్డను అప్పగించినట్టు ఎవరికో ఒకరికి అన్నీ చెప్పి అప్పగించాల్సిందే.

పెట్టినా తంటానే

పెట్టిందంతా పాలిప్‌ల నోట్లోకే పోదు. మిగిలింది కుళ్లుతుంది. నీళ్లలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు పెరుగుతాయి. వాటిని తిని పనికిరాని నాచు పెరుగుతుంది. అది వెళ్లి ఆ కొమ్మలమీదే పాకుతుంది! దాన్ని వదిలించుకోవడానికి కొన్ని రకాలు పలుచటి పొరను పాము కుబుసంలా విడుస్తాయి. ప్రవాహం బలంగా లేకపోతే ఆ పొర ఊడిపోదు. కాబట్టి పెద్ద ప్రొటీన్ స్కిమ్మర్ కావాలి. తరచూ నీళ్లు మార్చాలి. తిండి పెట్టే పనికన్నా ఎంగిలి ఎత్తే పనే ఎక్కువ.

పెట్టకపోతే? అసలు విషాదం అక్కడే ఉంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. చేప అద్దం దగ్గరికొచ్చి తోకాడిస్తూ అడుగుతుంది. గోర్గోనియన్ అదీ చేయలేదు. ఒంట్లో ఉన్నదాన్నే కరిగించుకుంటూ నెలలతరబడి అలాగే నిలబడుతుంది. పాలిప్‌లు విచ్చుకోవడం తగ్గుతుంది. ఓరోజు కొమ్మ చివర పైతొక్క ఊడి లోపలి కాడ బయటపడుతుంది. అనుభవమున్నవాళ్లు బాగున్న చోటికి కత్తిరించి, ఆ ముక్కను జిగురుతో రాయికి అతికించి బతికించుకుంటారు. కొత్తవాళ్లు మాత్రం 'నిన్నటిదాకా బాగానే ఉందే!' అనుకుంటారు.

సముద్రంలోనూ ఆకలి వీటికి శత్రువే. 1999 వేసవిలో మధ్యధరా సముద్రపు వాయవ్య భాగంలో నీళ్లు చాలా రోజులు వేడిగా ఉండిపోయాయి. గోర్గోనియన్లు పెద్దసంఖ్యలో చనిపోయాయి. 2003లోనూ అదే జరిగింది. వేసవిలో అక్కడ ఎలాగూ తిండి తక్కువ. వేడికి ఒంటి ఖర్చు పెరిగింది, జమ మాత్రం పెరగలేదు. వాటిని బలహీనపరిచిన కారణాల్లో ఇదొకటని శాస్త్రవేత్తల మాట. అక్కడ పెరిగే పారామురిసియా అనే రకం ఏడాదికి ఎదిగేది రెండు సెంటీమీటర్ల లోపే. అంటే మోకాలెత్తు కొమ్మ వెనుక పాతికేళ్ల వడ్డన ఉన్నట్టు!

మన దేశంలో వీటిని పెంచుకునే ప్రశ్నే లేదు. 2001లో గోర్గోనియన్లన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఎండిపోయినదాన్ని అలంకారానికని అమ్మినా నేరమే. మన్నార్ సింధుశాఖలో పెరిగే విసనకర్రలు అక్కడ ఉంటేనే అందం.

చట్టం ఒప్పుకునే దేశంలో ఉన్నవాళ్లు కొనేముందు తమకు తామే ఓ పరీక్ష పెట్టుకోవచ్చు. గోర్గోనియన్ లేకుండానే ఓ నెలపాటు రోజూ ఆర్టీమియా పొదిగించి, వేళకు మేత కలిపి, నీళ్లు మార్చి, నైట్రేట్ ఎంతుందో రాసుకోవాలి. నెలాఖరుకు నీళ్లు తేటగానే ఉండి, పని విసుగనిపించకపోతే అప్పుడు దుకాణానికి వెళ్లొచ్చు. విసుగొచ్చిందా... ఏ రాతిచరియ కిందో ఉన్న ఓ ఎర్రకొమ్మకు సముద్రం వడ్డన దక్కినట్టే.