సీలు విప్పని రికార్డుల లెక్క

‘సీలు విప్పితే ఖర్చు, విప్పకుండా దాచుకుంటే ఆస్తి.’ 2021లో మా బావగారు నాకు చెప్పిన సూత్రం ఇది. చాటుగా చెప్పలేదు, భోజనానికి పిలిచిన పదిమంది ముందు చెప్పారు. జాజ్ ఎల్పీలు కొని వింటున్నానని తెలిసి, ‘నీకు డబ్బు విలువ తెలియదయ్యా’ అని కూడా అన్నారు. అక్క మొగుడు, వయసులో పెద్దవారు, ఎదురు చెప్పలేదు. ఆ మాట మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆయన పథకం ఇదీ. అందరికీ తెలిసిన ఆల్బమ్‌లు, ‘లిమిటెడ్ ఎడిషన్’ అని అచ్చేసినవి, ఒక్కోటి 125 డాలర్లు. నాలుగు ఆల్బమ్‌లు, రెండేసి కాపీలు, మొత్తం వెయ్యి డాలర్లు. పెట్టెలు తెరవకుండా బేస్‌మెంట్‌లో పెట్టి మూడేళ్లాగితే రెట్టింపవుతుందన్నారు. నన్నూ వెయ్యి పెట్టమన్నారు. శంషాబాద్ దగ్గర ప్లాటు కొన్నట్టే అనుకోమన్నారు. నేను పెట్టలేదు. ఆయన పెట్టారు.

2024లో ఆ ఎనిమిదీ అమ్మే పని నా మీదే పడింది. రికార్డులు కొని అమ్మే డిస్కాగ్స్ సైట్‌లో అమ్మకాల ఖాతా ఉన్నది నాకే మరి. అప్పుడు కాగితం మీద వేసిన లెక్క ఇదిగో.

కొన్నప్పుడు న్యూజెర్సీ సేల్స్ టాక్స్ 6.625 శాతం. అంటే 125 పెట్టిన రికార్డు నిజానికి 133.28కి పడింది. అమ్మినప్పుడు పోస్టేజీతో కలిపి సగటున 140 డాలర్లు వచ్చింది. వినగానే లాభమే అనిపిస్తుంది. బావగారికీ అలాగే అనిపించింది. ఆ 140లో డిస్కాగ్స్ 9 శాతం పట్టుకుంటుంది, పోస్టేజీ మీద కూడా. అది 12.60. డబ్బు జమచేసే కంపెనీ మినహాయింపు 5.38. మూలలు నలగకుండా గట్టి అట్టపెట్టె, లోపల అదనపు అట్టలు, పోస్టు అన్నీ కలిపి 9. ఇవన్నీ పోగా చేతికొచ్చింది 113.02. ఒక్కో రికార్డు మీద 20.26 నష్టం. ఎనిమిదింటికి 162.08. చేతి చమురు వదిలిందంటే ఇదే.

అసలు ఎంతకు అమ్మితే అసలు వెనక్కి వచ్చేదని తిరగేసి లెక్కేశాను. 163.15. అంటే అట్ట మీద ధర కంటే 30 శాతం పైన పలికితేనే లాభం లేదు, నష్టం లేదు అన్న స్థితి. రెట్టింపు మాట దేవుడెరుగు. (అదే డబ్బు ఏ ఇండెక్స్ ఫండ్‌లోనో వేసి ఉంటే ఏమయ్యేదో ఆయనకు చెప్పలేదు, మీకూ చెప్పక్కర్లేదు.)

బావగారు ఊరికే చెప్పలేదు, ఆయన దగ్గర ఉదాహరణ ఉంది. మ్యూజిక్ మ్యాటర్స్ అనే చిన్న సంస్థ, బ్లూ నోట్ అనే జాజ్ కంపెనీ ఆల్బమ్‌లను 45 ఆర్‌పీఎం వేగంలో, రెండేసి డిస్కులుగా తెచ్చింది. అవి అయిపోయాక పాత కాపీలు కొన్న ధరకు కొన్ని రెట్లు పలికాయి. అది నిజమే. కానీ ఆ తర్వాత ఏం జరిగింది? వాటిని తయారుచేసిన జో హార్లీనే బ్లూ నోట్ అధిపతి డాన్ వాజ్ పిలిచి 2019లో టోన్ పోయెట్ సిరీస్ మొదలుపెట్టించారు. ముద్రణకు మూలమైన లక్కర్ డిస్కు కోసేది మ్యూజిక్ మ్యాటర్స్‌కు కోసిన కెవిన్ గ్రేనే, మూలం ఆ మాస్టర్ టేపులే. నేను కొన్నప్పుడు ధర దాదాపు 35 డాలర్లు. పైగా అయిపోయినవాటిని మళ్లీ ముద్రిస్తున్నారు. భూమిని ఎవరూ కొత్తగా ముద్రించలేరు, రికార్డును టేపు హక్కులున్న కంపెనీ ఎప్పుడు కావాలంటే అప్పుడు ముద్రిస్తుంది. కొరత మన బేస్‌మెంట్‌లో ఉండదు, వాళ్ల చేతిలో ఉంటుంది. ప్లాటుతో పోల్చడం అక్కడే దెబ్బతింది.

నమ్మకం మాట కూడా ఉంది. అసలు అనలాగ్ టేపు నుంచి నేరుగా కోసినవని జనం నమ్మి వందకు పైగా పోసి కొన్న ఒక సంస్థ రికార్డుల్లో, మధ్యలో ఒక డిజిటల్ దశ ఉందని 2022 జూలైలో బయటపడింది. వ్యాజ్యాలు పడ్డాయి, రాజీ 25 మిలియన్ డాలర్లకు కుదిరింది. వింటున్నవాడికి ఆ రికార్డు అంతకుముందు ఎంత బాగుందో తర్వాతా అంతే బాగుంది. పెట్టుబడిగా కొన్నవాడికి మాత్రం రాత్రికి రాత్రి దాని అర్థమే మారిపోయింది.

ఇక ఏ ఆల్బమ్‌కు ఇంత ఖరీదైన పునర్ముద్రణ దక్కాలి? బావగారితో నా అసలు తగవు ఇదే, డబ్బు తర్వాత. ఆయన జాబితాలో మొదటిది మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్ 30వ వీధిలోని కొలంబియా స్టూడియోలో రికార్డయింది. గొప్పదే, కాదనను. మార్చి సెషన్‌లో టేపు యంత్రం కొంచెం నెమ్మదిగా తిరగడం వల్ల మొదటి పక్కన ఉన్న మూడు పాటలూ శ్రుతి కాస్త పెరిగి వినిపించేవి. 1992 ముద్రణలో దాన్ని సరిదిద్దారు. అది మళ్లీ తేవడానికి న్యాయమైన కారణం. ఆ తర్వాత వచ్చినవాటిలో ఎన్నింటికి అలాంటి కారణం ఉంది? ఒకటి బరువైన వినైల్, ఒకటి పారదర్శకమైన వినైల్, ఇంకొకటి అలమరలో పట్టనంత పెట్టె.

టీనా బ్రూక్స్ సంగతి చూడండి. టెనర్ శాక్సఫోన్ వాయించేవాడు. 1958 నుంచి 1961 లోపు బ్లూ నోట్‌కు తన పేరుతో నాలుగు ఆల్బమ్‌లు వాయించి ఇచ్చాడు. బతికుండగా బయటికొచ్చింది ఒక్క ‘ట్రూ బ్లూ’. 1974లో, 42 ఏళ్లకే పోయాడు. 1958లో లీ మోర్గన్, సానీ క్లార్క్, ఆర్ట్ బ్లేకీలతో కలిసి వాయించిన ‘మైనర్ మూవ్’ ఆయన పోయాకే మొదటిసారి వచ్చింది. టోన్ పోయెట్ వాళ్లు దాన్ని 2019లో తెచ్చారు. ఆ సిరీస్ మొదటి విడతలోనే వచ్చిన వేన్ షార్టర్ ‘ఎట్‌సెటెరా’ కూడా ఏళ్లపాటు మూలనపడ్డదే. 1965లో రికార్డు చేసి, 1980 దాకా విడుదల చేయలేదు. ఈ రెండూ ఇక్కడి న్యూజెర్సీలోనే రికార్డయ్యాయి. మొదటిది హాకెన్‌సాక్‌లో రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇంటి హాల్లో, రెండోది ఆయన 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో కట్టుకున్న స్టూడియోలో. ఎడిసన్ చుట్టూ ఇన్ని వేల తెలుగు కుటుంబాలున్నాయి. గంట దూరంలో ఇంత చరిత్ర ఉందని మనవాళ్లకు చెబుతూనే ఉంటాను.

బావగారు పెట్టమన్న వెయ్యిని నేను ఇలా ఖర్చుపెట్టాను. టోన్ పోయెట్‌లో 35 డాలర్లవి 14, అంటే 490. బ్లూ నోట్ వాళ్లదే క్లాసిక్ సిరీస్‌లో 25వి 20, అంటే 500. మొత్తం 990, టాక్సుతో 1055.59. క్లాసిక్ సిరీస్‌ను జర్మనీలోని ఆప్టిమల్‌లో ముద్రిస్తారు, టోన్ పోయెట్‌ను కాలిఫోర్నియాలోని ఆర్‌టీఐలో. టోన్ పోయెట్‌కు మడత విప్పే మందపాటి అట్ట, లోపల సెషన్ ఫొటోలు. కోసిన చెయ్యి మాత్రం ఒక్కటే. డిస్కును దీపం కింద వాలుగా పట్టుకుని, చివరి పాట అయిపోయాక లేబుల్ చుట్టూ ఉండే నున్నటి వలయం చూడండి. కెవిన్ గ్రే పొడి అక్షరాలు, కేపీజీ అని, సన్నగా గీసి ఉంటాయి. ధరలో తేడా అట్టకూ ముద్రణకూ పెడుతున్నారని తెలిసి పెట్టండి. ఫొటోల కోసం నేను కొన్నిటికి సంతోషంగా పెట్టాను.

అవన్నీ ఇవాళ సగం ధరకు అమ్మితే, అమ్మకం ఖర్చులు లెక్కేయకముందే దాదాపు 560 పోతుంది. ఒప్పుకుంటాను. కానీ ఆ 34 రికార్డులూ మా ఇంట్లో మోగాయి. పదో తరగతి చదివే మా అమ్మాయి సానీ క్లార్క్ పియానో గుర్తుపడుతుంది. బావగారి ఎనిమిదింటిలో ఒక్కటీ ఒక్క నిమిషం మోగలేదు, అయినా 162 డాలర్లు పోయాయి. డబ్బు విలువ తెలియడమంటే డబ్బును ముట్టుకోకుండా ఉంచడమే అని మన ఇళ్లలో పెద్దవాళ్లు నేర్పారు. అన్నిటికీ అది వర్తించదని ఆ ఎనిమిది పెట్టెలకు టేపు అంటిస్తున్నప్పుడు నాకు రూఢి అయింది. ఆ లెక్క కాగితం బావగారికి ఇచ్చాను. చదివి జేబులో పెట్టుకున్నారు, ఏమీ అనలేదు.

‘కైండ్ ఆఫ్ బ్లూ’ మంచి కాపీ మీ దగ్గర ఇప్పటికే ఒకటి ఉంటే, ఇంకోటి కొనకండి. ఆ వంద డాలర్లతో, వాయించిన మనిషి బతికుండగా విడుదలకు నోచుకోని ఆల్బమ్‌లు ఒక రెండు కొనండి. ‘మైనర్ మూవ్’తో మొదలుపెట్టండి.